పి.కె.బెనర్జీ

ప్రదీప్ కుమార్ బెనర్జీ (జూన్ 23, 1936 - మార్చి 20, 2020) భారతదేశపు ప్రముఖ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. ఆటగాడిగా 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలోను, 1958, 1962, 1966 ఆసియా క్రీడలలోను భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. 1962లో జకార్తాలో స్వర్ణపతకం సాధించిన జట్టులో అతడు కుడివైపు ఫార్వర్డ్. ఆట విరమించిన తరువాత కలకత్తా క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌లకు, భారత జాతీయ జట్టుకు శిక్షకుడిగా పనిచేశాడు. అభిమానులు అతడిని "పి.కె." అని, బెంగాలీలు "ప్రదీప్-దా" అని పిలిచేవారు.

కలకత్తా ఫుట్‌బాల్‌ను శాసించిన మూడు పెద్ద క్లబ్బులలో దేని తరఫునా పి.కె. ఆడలేదు. ఆటగాడిగా అతడి జీవితమంతా దాదాపుగా ఒక రైల్వే జట్టులోనే గడచిపోయింది. అటువంటివాడు తరువాతి కాలంలో ఆ పెద్ద క్లబ్బులలో రెండింటికి అత్యంత విజయవంతమైన శిక్షకులలో ఒకడు కావడం భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఒక విశేషం.

బాల్యము

బెనర్జీ బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లా మొయినాగురిలో జన్మించాడు. తరువాత కుటుంబం బీహారులోని (ప్రస్తుతం జార్ఖండ్ రాష్ట్రం) ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌కు తరలిపోయింది. అక్కడే చదువు, ఆట సాగాయి. పదిహేనేళ్ళ వయసులోనే సంతోష్ ట్రోఫీ పోటీలలో బీహారు తరఫున ఆడాడు. 1954లో కలకత్తా చేరి ఆర్యన్ క్లబ్బులో ఒక సీజను ఆడాడు. మరుసటి సంవత్సరం ఈస్టర్న్ రైల్వే జట్టులో చేరి, ఆట మానేసేవరకు అందులోనే ఉన్నాడు.

ఈ నిర్ణయాన్ని నాటి పరిస్థితులలో చూడాలి. 1950లలో భారతదేశంలో వృత్తి ఫుట్‌బాల్ అధికారికంగా లేదు. ఎంతటి ఆటగాడైనా బ్రతుకుతెరువుకు రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, ఏదైనా కంపెనీలోనో ఉద్యోగం చూసుకోవలసిందే. పెద్ద క్లబ్బులలో చేరితే పేరు వస్తుంది, కానీ కాలు విరిగితే మరునాటి సంగతి చెప్పలేము. రైల్వే ఉద్యోగం అలా కాదు, నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. అందువలన ఆ కాలపు మేటి ఆటగాళ్ళు అనేకులు ఇటువంటి సంస్థల జట్లలో కనిపిస్తారు.

ఈస్టర్న్ రైల్వే

1934లో మొహమ్మడన్ స్పోర్టింగ్ తొలిసారి కలకత్తా లీగ్ గెలిచినప్పటి నుండి ఆ టైటిల్ మొహమ్మడన్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల చేతులు దాటి పోలేదు. 1958లో ఈస్టర్న్ రైల్వే ఆ వరుసను తెంచింది. బాఘా సోమ్ శిక్షణలోని ఆ జట్టుకు ప్రధాన బలం బెనర్జీయే. ఈ విజయం ఎంత అరుదైనదంటే, మూడు పెద్ద క్లబ్బులు కాక మరొక జట్టు లీగ్ గెలవడానికి మళ్ళీ 61 సంవత్సరాలు పట్టింది (2019లో పీర్‌లెస్).

మెరుపు వేగం, కుడి అంచు వెంట బంతితో దూసుకుపోయి హఠాత్తుగా లోపలికి మళ్ళడం, దూరం నుండి బలమైన షాట్ కొట్టడం బెనర్జీ ఆటలోని ప్రత్యేకతలు.

జాతీయ జట్టులో

1955లో ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీలో బెనర్జీ తొలిసారి భారత జట్టుకు ఆడాడు. అప్పటి జాతీయ శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపాడు. బెనర్జీ అంతర్జాతీయ జీవితంలో ముఖ్యమైన ఘట్టాలన్నీ ఆయన శిక్షణలోనే జరిగాయి. తన మీద అత్యధిక ప్రభావం చూపిన వ్యక్తిగా బెనర్జీ ఆయననే చెప్పుకొనేవాడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండు ప్రత్యర్థి హంగరీ పోటీ నుండి తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇంతకంటే పైకి ఎన్నడూ వెళ్ళలేదు. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు పలువురు ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు బెనర్జీ నాయకత్వం వహించాడు. హంగరీతో 1-2తో ఓడినా భారత్ గట్టిగా పోరాడింది. ఫ్రాన్సుతో జరిగిన పోటీలో మొదటి గోల్ బెనర్జీదే. ఆట మరికొద్ది నిమిషాలలో ముగుస్తుందనగా ఫ్రాన్సు గోల్ చేయడంతో అది 1-1గా ముగిసింది. పెరూతో 1-3తో ఓడి జట్టు ఇంటిముఖం పట్టింది. హంగరీ, పెరూలపై భారత్ చేసిన గోల్స్ రెండూ తులసీదాస్ బలరాంవి.

సికిందరాబాదుకు చెందిన బలరాం, కలకత్తాకు చెందిన చునీ గోస్వామి, బెనర్జీ - ఈ ముగ్గురిని భారత ఫుట్‌బాల్‌లో త్రిమూర్తులుగా చెప్పుకొంటారు. చునీ మోహన్ బగాన్, బలరాం ఈస్ట్ బెంగాల్, బెనర్జీ ఈస్టర్న్ రైల్వే. కలకత్తా మైదానంలో ప్రత్యర్థులైన ముగ్గురూ జాతీయ జట్టులో ఒకే దాడికి మూడు అంచులయ్యారు.

జకార్తా 1962

1962 ఆసియా క్రీడలలో భారత్ ఆరంభం బాగాలేదు. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. తరువాత థాయిలాండ్‌పై 4-1తో గెలిచింది, వాటిలో రెండు గోల్స్ బెనర్జీవి. అయితే ఆ ఆటలోనే రక్షణ శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు తీవ్రగాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 విజయంలో బెనర్జీ, బలరాం చెరొక గోల్ చేశారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించారు.

మైదానం బయటి పరిస్థితి మరీ ఇబ్బందికరంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. దీనిపై భారతీయ క్రీడాధికారి జి.డి.సోంధీ బహిరంగంగా అభ్యంతరం తెలపడంతో జకార్తాలో భారత వ్యతిరేకత చెలరేగింది. సెప్టెంబరు 4న సెనయాన్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో కిక్కిరిసిన ప్రేక్షకులు మొదటి నుండి చివరి వరకు భారత జట్టును గేలి చేశారు. ప్రత్యర్థి, తొలి పోటీలో తమను ఓడించిన దక్షిణ కొరియాయే.

తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను రహీం రక్షణ శ్రేణి నుండి తీసి ఫార్వర్డ్‌గా ఆడించాడు. 17వ నిమిషంలో బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. మరి కొద్ది నిమిషాలకే జర్నైల్ రెండవది చేశాడు. చివరలో కొరియా ఒక గోల్ తిరిగి చేసినా భారత్ 2-1తో స్వర్ణం గెలుచుకొంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత భారత్ మరొక స్వర్ణం గెలవలేదు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించాడు.

మెర్డెకా కప్ పోటీలలో భారత్ 1959, 1964లలో రెండవ స్థానంలో, 1965లో మూడవ స్థానంలో నిలిచినప్పుడు కూడా బెనర్జీ జట్టులో ఉన్నాడు. గాయాల కారణంగా 1967లో ఆట నుండి విరమించుకొన్నాడు.

శిక్షకుడిగా

ఆట మానిన వెంటనే బెనర్జీ శిక్షణ వైపు మళ్ళాడు. 1969లో ఫిఫా జపాన్‌లో నిర్వహించిన శిక్షకుల తరగతికి హాజరయ్యాడు. దానిని నడిపినది జర్మన్ శిక్షకుడు డెట్మార్ క్రామర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టు శిక్షణలో బెనర్జీ పాలుపంచుకొన్నాడు. ఆ జట్టు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్.

ఈస్ట్ బెంగాల్ (1972-75)

1972లో ఈస్ట్ బెంగాల్ అతడిని శిక్షకుడిగా నియమించుకొంది. కలకత్తా వెలుపలి పాఠకులకు ఆ ఉద్యోగపు బరువు తెలియాలంటే ఆ నగరపు పోటీతత్వం కొంత తెలియాలి. 1889లో స్థాపించిన మోహన్ బగాన్ పశ్చిమ బెంగాల్ స్థానికుల క్లబ్బు. 1920లో ఏర్పడిన ఈస్ట్ బెంగాల్ తూర్పు బెంగాల్ నుండి వచ్చినవారి క్లబ్బు, దేశ విభజన తరువాత వచ్చిన కాందిశీకులకు ఆత్మగౌరవ చిహ్నం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్ చేప (గోదావరి జిల్లాలవారి పులస), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య వండుకోవడం ఆనవాయితీ. ఓడిన శిక్షకుడు బజారులో తలెత్తుకు తిరగలేడు.

మొదటి సంవత్సరంలోనే ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్‌తో పాటు ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యురాండ్ కప్, రోవర్స్ కప్ (ఇది మోహన్ బగాన్‌తో సంయుక్తంగా) గెలిచింది. 1973 షీల్డు ఫైనల్లో ఉత్తర కొరియా జట్టు ప్యాంగ్యాంగ్ సిటీని 3-1తో ఓడించింది. 1970 నుండి 1975 వరకు వరుసగా ఆరుసార్లు లీగ్ గెలిచింది, వాటిలో చివరి నాలుగు బెనర్జీ శిక్షణలో వచ్చినవి.

వీటన్నిటికంటే ఎక్కువగా చెప్పుకొనేది 1975 సెప్టెంబరు 30 నాటి షీల్డు ఫైనల్. ఆనాడు మోహన్ బగాన్ మైదానంలోనే మోహన్ బగాన్‌ను ఈస్ట్ బెంగాల్ 5-0తో చిత్తు చేసింది. సుర్జీత్ సేన్‌గుప్తా, రంజిత్ ముఖర్జీ, శుభంకర్ సన్యాల్ చెరొక గోల్, శ్యామ్ థాపా రెండు గోల్స్ చేశారు. థాపా ఒక పెనాల్టీని వృథా చేసుకొన్నాడు కూడా. ఈ రెండు జట్ల మధ్య పోటీలలో ఇంతటి తేడా మళ్ళీ రాలేదు. ఈ పరాజయాన్ని భరించలేక ఒక యువ మోహన్ బగాన్ అభిమాని ఆత్మహత్య చేసుకోవడం ఆ విజయానికి మచ్చగా మిగిలింది.

మోహన్ బగాన్ (1976-79)

మరుసటి సీజనుకు బెనర్జీ మోహన్ బగాన్‌కు మారాడు. ఐదు గోల్స్‌తో తమను అవమానించిన శిక్షకుడినే ఆ క్లబ్బు పిలిచి పీట వేసింది. 1976 లీగ్‌లో ఈస్ట్ బెంగాల్‌తో పోటీ ఆరంభమైన 17 సెకన్లకే హైదరాబాదీ మహమ్మద్ అక్బర్ గోల్ కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తోనే మోహన్ బగాన్ గెలిచింది, ఆ యేడు లీగ్ కూడా దానికే దక్కింది.

1977 మొదట్లో పరిస్థితి తారుమారయింది. లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 0-2తో ఓడి టైటిల్‌ను వారికే వదులుకోవలసి వచ్చింది. అభిమానుల ఆగ్రహం చల్లారకముందే పెలే ఆడుతున్న న్యూయార్క్ కాస్మోస్ జట్టు కలకత్తా వచ్చింది. సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో వానకు తడిసిన నేల మీద ఆ పోటీ జరిగింది. పెలేను అడ్డుకొనే పనిని బెనర్జీ గౌతమ్ సర్కార్‌కు అప్పగించాడు. ముందు బ్రెజిల్ మాజీ కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో కాస్మోస్‌కు గోల్ సాధించాడు. శ్యామ్ థాపా దానిని సమం చేయగా, మహమ్మద్ హబీబ్ మోహన్ బగాన్‌ను 2-1 ఆధిక్యంలోకి తెచ్చాడు. చివరలో కినాలియా పెనాల్టీతో 2-2 అయింది. వారం తరువాత అక్టోబరు 1న పెలే న్యూయార్క్ వద్ద తన వీడ్కోలు ఆట ఆడాడు.

కాస్మోస్‌తో ఆట ముగిసిన నాలుగు రోజులకే షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ ఎదురైంది. థాపా గోల్‌తో మోహన్ బగాన్ 1-0తో గెలిచింది. ఆ తరువాత రోవర్స్, డ్యురాండ్ కప్పులు కూడా గెలిచి ఒకే సంవత్సరంలో మూడు ప్రతిష్ఠాత్మక ట్రోఫీలు సాధించడం ఆ క్లబ్బుకు అదే ప్రథమం. 1978లో షీల్డును సోవియట్ జట్టు అరారాత్ యెరెవాన్‌తో పంచుకొంది. 1978, 1979 లీగ్ టైటిల్స్ కూడా మోహన్ బగాన్‌వే. బెనర్జీ తమ్ముడు, మిడ్‌ఫీల్డర్ ప్రసూన్ బెనర్జీ ఈ జట్టులో ముఖ్యుడు. అన్న అయినందున ప్రసూన్‌కు మినహాయింపులేమీ దొరకలేదు.

హైదరాబాదు ఆటగాళ్ళతో అనుబంధం

రహీం శిష్యుడైన బెనర్జీ శిక్షకుడిగా సాధించిన విజయాలలో హైదరాబాదు ఆటగాళ్ళ పాత్ర పెద్దది. మహమ్మద్ హబీబ్, అక్బర్ అన్నదమ్ములు. హబీబ్ బెనర్జీ శిక్షణలో 1972 నుండి ఈస్ట్ బెంగాల్‌లోను, 1976 నుండి మోహన్ బగాన్‌లోను, 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్‌లోను ఆడాడు. అభిమానులు అతడిని "బడే మియా" అనేవారు. తనకు వచ్చిన ఉద్యోగాలను కాదని ఆటనే వృత్తిగా చేసుకొన్న హబీబ్‌ను భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాలర్ అని చెప్పేవారున్నారు. రైల్వే ఉద్యోగాన్ని వదలని గురువు, ఏ ఉద్యోగంలోనూ చేరని శిష్యుడు - భారత ఫుట్‌బాల్ రెండు తరాల మధ్య ఎంత మారిందో ఈ ఇద్దరిని చూస్తే తెలుస్తుంది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించాడు.

1980 మరియు తరువాత

1980 సీజనుకు ముందు ఈస్ట్ బెంగాల్ నుండి పేరున్న ఆటగాళ్ళు చాలామంది ఒక్కసారిగా వెళ్ళిపోయారు. క్లబ్బు మళ్ళీ బెనర్జీనే ఆశ్రయించింది. మిగిలినవారితోను, ఇరాన్ నుండి వచ్చిన మజీద్ బిష్కర్, జంషీద్ నసీరి వంటి కొత్తవారితోను అతడు జట్టును కూడగట్టి, ఆ యేటి ఫెడరేషన్ కప్‌ను మోహన్ బగాన్‌తో సంయుక్తంగా గెలిపించాడు. అయితే ఆ సంవత్సరం ఒక విషాదంతో కూడా గుర్తుండిపోయింది. ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల లీగ్ పోటీ సందర్భంగా ప్రేక్షకుల మధ్య ఘర్షణ, తొక్కిసలాట జరిగి 16 మంది మరణించారు. 1985లో ఈస్ట్ బెంగాల్ మళ్ళీ ఫెడరేషన్ కప్ గెలిచినప్పుడు కూడా బెనర్జీయే శిక్షకుడు.

జాతీయ జట్టు శిక్షకుడిగా అతడికి ఇంతటి విజయాలు దక్కలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత్ బంగ్లాదేశ్‌ను 2-0తో, మలేషియాను 1-0తో ఓడించి, చైనాతో 2-2గా ముగించి క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడింది. స్వదేశంలో పతకం ఆశించిన అభిమానులకు అది నిరాశే. క్లబ్బులో ఏడాది పొడవునా ఆటగాళ్ళతో గడిపి వారి మనసెరిగి పనిచేసే పద్ధతి, కొద్దివారాల జాతీయ శిబిరంలో అంతగా పనిచేయలేదని చెప్పవచ్చు.

1990లలో జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీకి సాంకేతిక సంచాలకుడిగా ఉండి, తాను పెరిగిన ఊరిలోనే యువ ఆటగాళ్ళను తీర్చిదిద్దాడు.

"వోకల్ టానిక్"

బెనర్జీ పేరుతో విడదీయరానిది "వోకల్ టానిక్" అనే మాట. ఆటకు ముందు, విరామ సమయంలో అతడు ఆటగాళ్ళకు చేసే ఉపన్యాసాలకు కలకత్తా పత్రికలు పెట్టిన పేరిది. ఒకరిని పొగిడి, మరొకరిని రెచ్చగొట్టి, ఇంకొకరికి ఇంటి సంగతులు గుర్తుచేసి, ఎవరికి ఏది పనిచేస్తుందో దానినే వాడేవాడు. ఇది మాటల గారడీ మాత్రమేనని విమర్శించినవారూ ఉన్నారు. అయితే పెలే వెనుక నీడలా తిరగమని ఒక ఆటగాడిని నియమించడం వంటి నిర్ణయాలు కేవలం ఉపన్యాసాలతో జరిగేవి కావు.

అతడికి దీటైన ప్రత్యర్థి అమల్ దత్తా (1930-2016). మాజీ అంతర్జాతీయ ఆటగాడైన దత్తా ఇంగ్లండులో శిక్షణ నేర్చుకొని వచ్చి, భారతదేశంలో పూర్తికాలపు వృత్తి శిక్షకుడైన మొదటివాడిగా పేరుపొందాడు. దత్తా వ్యూహకర్త, బెనర్జీ మనస్తత్వవేత్త అని మైదానపు వాడుక. ఈ ఇద్దరూ చివరిసారిగా తీవ్రంగా తలపడినది 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో. మోహన్ బగాన్ శిక్షకుడైన దత్తా "డైమండ్" వ్యూహంతో అప్పటికి జట్టును గొప్పగా ఆడిస్తున్నాడు. పోటీకి ముందు ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ళకు వెక్కిరింపు పేర్లు పెట్టి పత్రికలతో మాట్లాడాడు. ఆ మాటలనే బెనర్జీ తన జట్టుకు మందుగా వాడుకొన్నాడు. 1,31,781 మంది ప్రేక్షకుల ముందు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. మొదటి గోల్ నజీముల్ హక్‌ది, మిగిలిన మూడు వెక్కిరింపుకు గురైనవారిలో ఒకడైన బైచుంగ్ భూటియావి. భారతదేశంలో ఒక ఫుట్‌బాల్ పోటీకి హాజరైన అత్యధిక ప్రేక్షకుల సంఖ్య ఇదే. ఇంతా చేసి ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ సాల్గావ్‌కర్ చేతిలో 1-2తో ఓడిపోయింది.

పురస్కారాలు

1961లో అర్జున అవార్డులు ప్రారంభించినప్పుడు ఫుట్‌బాల్‌కు మొదటి పురస్కారం బెనర్జీకే లభించింది. 1990లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 2004లో ఫిఫా తన శతాబ్ది సందర్భంగా "ఆర్డర్ ఆఫ్ మెరిట్" పురస్కారాన్ని ప్రదానం చేసింది.

మరణం

బెనర్జీ 83 ఏళ్ళ వయసులో 2020 మార్చి 20న కోల్‌కాతాలో అనారోగ్యంతో మరణించాడు. నలభై ఒక్క రోజుల తరువాత, ఏప్రిల్ 30న, చునీ గోస్వామి కూడా కన్నుమూశాడు. త్రిమూర్తులలో చివరివాడైన బలరాం 2023 ఫిబ్రవరి 16న మరణించాడు. తమ్ముడు ప్రసూన్ బెనర్జీ 2013లో హౌరా నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం మైదాన్ 2024లో విడుదలయింది. జకార్తా ఫైనల్ ముఖ్య సన్నివేశంగా గల ఈ చిత్రంలో బెనర్జీ పాత్రను చైతన్య శర్మ పోషించాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బెనర్జీ జన్మదినమైన జూన్ 23ను పిల్లల స్థాయి ఫుట్‌బాల్ కోసం "గ్రాస్‌రూట్స్ దినం"గా ప్రకటించింది.